హైడ్రోజన్ బాంబు నిజంగా వెయ్యి రెట్లు పెద్దదా?

అణుబాంబు కంటే హైడ్రోజన్ బాంబు వెయ్యి రెట్లు శక్తివంతమైనది. ఈ మాట టీవీ చర్చల్లో, వాట్సాప్ ఫార్వర్డ్‌లలో, పోటీ పరీక్షల మెటీరియల్‌లో ఎక్కడపడితే అక్కడ కనిపిస్తుంది. పూర్తిగా అబద్ధమని కొట్టిపారేయలేం కూడా. 1945లో హిరోషిమా మీద వేసిన బాంబు శక్తి సుమారు 15 కిలోటన్నులు, 1954లో బికినీ దీవుల్లో అమెరికా పేల్చిన హైడ్రోజన్ బాంబు శక్తి 15 మెగాటన్నులు, భాగిస్తే సరిగ్గా వెయ్యి. చిక్కేమిటంటే, ఇది చదివినవాళ్లు హైడ్రోజన్ బాంబులో జరిగే కేంద్రక సంలీనం (తేలికైన కేంద్రకాలు కలిసిపోవడం) అనే చర్యలోనే, అణుబాంబులో జరిగే విచ్ఛిత్తి (బరువైన కేంద్రకాలు చీలిపోవడం) కంటే వెయ్యి రెట్ల శక్తి ఉందని అర్థం చేసుకుంటారు. అది తప్పు. కిలోకు కిలో తూచి చూస్తే సంలీనం ఇచ్చేది నాలుగైదు రెట్లే ఎక్కువ. పైగా ఆ బికినీ బాంబు 15 మెగాటన్నుల్లో సుమారు 10 మెగాటన్నులు విచ్ఛిత్తి నుంచి వచ్చినవే! మరి వెయ్యి రెట్లు ఎక్కడి నుంచి వచ్చాయన్నదే అసలు ప్రశ్న.

ముందు కొలత సంగతి. కిలోటన్ను అంటే టీఎన్‌టీ అనే మామూలు పేలుడు పదార్థం వెయ్యి టన్నులు పేలితే వచ్చేంత శక్తి, మెగాటన్ను అంటే పది లక్షల టన్నులు. బాంబు బరువుకీ దీనికీ సంబంధం లేదు. కొన్ని వార్తల్లో "50 మెగాటన్నుల బరువున్న బాంబు" అని రాసేస్తుంటారు, అంత బరువున్న వస్తువును ఏ విమానం మోస్తుందో వాళ్లే చెప్పాలి.

ఇక కేంద్రకాల లెక్క. ఒక యురేనియం-235 కేంద్రకం చీలితే సుమారు 200 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల (కేంద్రకాల స్థాయిలో శక్తికి వాడే కొలత) శక్తి విడుదలవుతుంది. డ్యుటీరియం, ట్రిటియం అనే రెండు రకాల హైడ్రోజన్ కేంద్రకాలు కలిసిపోయి హీలియంగా మారితే వచ్చేది 17.6 మాత్రమే. అంటే ఒక్కో చర్యగా చూస్తే విచ్ఛిత్తే పదకొండు రెట్లు పెద్దది. అయితే యురేనియం కేంద్రకం బాగా బరువైనది, దాంట్లో 235 కణాలున్నాయి, డ్యుటీరియం ట్రిటియం జంటలో మొత్తం కలిపినా ఐదే. కాబట్టి ఒక కిలో ఇంధనం తీసుకుంటే హైడ్రోజన్ వైపు ఎన్నో రెట్లు ఎక్కువ కేంద్రకాలు ఉంటాయి, తక్కెడ అటు మొగ్గుతుంది. ఒక కిలో యురేనియం-235 మొత్తం చీలితే 17, 18 కిలోటన్నులు. ఒక కిలో డ్యుటీరియం-ట్రిటియం మిశ్రమం మొత్తం కలిసిపోతే 80 కిలోటన్నుల దాకా. బాంబుల్లో ఎక్కువగా వాడే లిథియం డ్యూటరైడ్ అనే ఘన ఇంధనం ఇంకాస్త తక్కువ ఇస్తుంది, 60 కిలోటన్నులు దాటి ఉంటుంది. ఇవన్నీ ఇంధనం చివరి రేణువు దాకా ఖర్చయితే వచ్చే లెక్కలు, అలా ఎప్పుడూ జరగదు.

ఈ లెక్కకి నిజం ఎంత దూరంగా ఉంటుందో హిరోషిమా బాంబే చెబుతుంది. అందులో 64 కిలోల యురేనియం పెట్టారు. చీలింది ఒక కిలో కూడా లేదు. మిగతా 63 కిలోలు చీలకుండానే ఆవిరై చెదిరిపోయాయి. మూడు రోజుల తర్వాత నాగసాకి మీద వేసిన బాంబులో ప్లుటోనియం ఆరు కిలోలకు కాస్త పైన ఉంటే, చీలింది ఒక కిలో, వచ్చింది 21 కిలోటన్నులు. ఐన్‌స్టీన్ సూత్రం ప్రకారం హిరోషిమాలో నిజంగా శక్తిగా మారిపోయిన ద్రవ్యరాశి ఎంతో లెక్కవేస్తే ఒక గ్రాము కూడా రాదు, సుమారు 0.7 గ్రాములు.

ఎందుకింత వృథా? ఒక కేంద్రకం చీలితే బయటపడే న్యూట్రాన్లు ఇంకొన్ని కేంద్రకాలను చీలుస్తాయి, అవి మరికొన్నిటిని, దీన్నే గొలుసు చర్య అంటారు. అందులో ఒక తరం న్యూట్రాన్లు తర్వాతి తరాన్ని పుట్టించడానికి సెకనులో పది కోట్లో వంతు పడుతుంది. సుమారు ఎనభై తరాలు గడిచేసరికి, అంటే సెకనులో పది లక్షలో వంతు లోపే, కథ ముగుస్తుంది. శక్తిలో అత్యధిక భాగం ఆఖరి కొన్ని తరాల్లోనే వస్తుంది, ఎందుకంటే ప్రతి తరంలో చీలికల సంఖ్య దాదాపు రెట్టింపు అవుతూ పోతుంది. కానీ సరిగ్గా అదే సమయానికి ఇంధనం వేడెక్కి ఉబ్బి తనను తానే చెదరగొట్టుకుంటుంది, కేంద్రకాల మధ్య దూరం పెరిగి న్యూట్రాన్లు బయటికి పారిపోతాయి, చర్య ఆగిపోతుంది. ఇంకో రెండు మూడు తరాలు నిలబడి ఉంటే పేలుడు ఎన్నో రెట్లు పెరిగేది, ఆ రెండు మూడు తరాలు నిలబెట్టడమే కష్టం.

సరే, అయితే ఇంకా ఎక్కువ యురేనియం పెడితే సరిపోదా? సరిపోదు, విచ్ఛిత్తి బాంబుకి ఉన్న అసలు సంకెల అక్కడే ఉంది. క్రిటికల్ మాస్ అని ఒకటుంది. చుట్టూ ఏమీ లేని శుద్ధ యురేనియం-235 గోళానికి అది సుమారు 52 కిలోలు, ప్లుటోనియానికి పది కిలోల చుట్టుపక్కల. ఆ హద్దు దాటిన ముద్ద ఒకచోట ఉంటే గొలుసు చర్య దానంతట అదే మొదలైపోతుంది. కాబట్టి బాంబు గోదాములో పడున్నంతకాలం ఇంధనం ఆ హద్దుకి కిందే ఉండాలి, పేలే క్షణంలో మాత్రం హద్దుకి ఎన్నో రెట్లు పైకి వెళ్లాలి. కాస్త ఇంధనంతో ఇది సాధ్యమే. ఇంధనం పెంచేకొద్దీ ఆ రెండు స్థితులనూ ఒకే వస్తువులో ఇమడ్చడం ప్రమాదకరమైన పని అవుతుంది, ఏ చిన్న ప్రమాదం జరిగినా అనుకోని పేలుడుకి దారి తీస్తుంది.

అమెరికా ఈ దారిలో ఎంత దూరం వెళ్లొచ్చో వెళ్లి చూసింది. 1952 నవంబరులో ఐవీ కింగ్ అనే పరీక్షలో పూర్తిగా విచ్ఛిత్తి మీదే నడిచే బాంబును 500 కిలోటన్నుల శక్తితో పేల్చింది. బ్రిటన్ 1957లో ఆరెంజ్ హెరాల్డ్ అనే పరీక్షలో సుమారు 720 కిలోటన్నులు సాధించింది, దాంట్లో కొద్దిగా సంలీన ఇంధనం ఉన్నా శక్తి దాదాపు అంతా విచ్ఛిత్తిదే. ఆచరణలో ఈ దారికి పైకప్పు అక్కడే. హిరోషిమాతో పోలిస్తే యాభై రెట్లు, తక్కువేమీ కాదు. కానీ విలువైన ఇంధనం బస్తాల కొద్దీ తగలేసి తెచ్చుకున్న యాభై రెట్లు అది.

సంలీన ఇంధనానికి ఈ బాధ లేదు. క్రిటికల్ మాస్ అనే మాటే దానికి వర్తించదు, లిథియం డ్యూటరైడ్ టన్ను పోగేసినా దానంతట అది పేలదు. ఎందుకంటే రెండు కేంద్రకాలూ ధనావేశం ఉన్నవే, ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి, వాటిని బలవంతంగా దగ్గరికి తేవాలంటే కోట్ల డిగ్రీల వేడీ, విపరీతమైన ఒత్తిడీ కావాలి. భూమ్మీద అలాంటి పరిస్థితిని ఒక ఆయుధంలో సృష్టించగలిగింది ఒక్క విచ్ఛిత్తి బాంబే. అంటే హైడ్రోజన్ బాంబు లోపల అణుబాంబు అగ్గిపుల్ల పని చేస్తుంది. ఈ ఆలోచన భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీకి 1941లోనే వచ్చింది, అప్పటికి అణుబాంబే తయారుకాలేదు. తీరా పనిలోకి దిగితే పక్కన పెట్టి వెలిగిస్తే వెలగదని తెలిసింది, పదేళ్లు తల బద్దలుకొట్టుకున్నారు. 1951లో అమెరికాలో పనిచేస్తున్న శాస్త్రవేత్తలు స్టానిస్లా ఉలామ్, ఎడ్వర్డ్ టెల్లర్ దారి కనిపెట్టారు. మొదటి దశ బాంబు నుంచి వచ్చే వికిరణం, పేలుడు అల కంటే ముందే రెండో దశను చేరి దాన్ని నొక్కేస్తుంది, ఆ నొక్కుడుకి సంలీనం మొదలవుతుంది. ఇదంతా మొదటి బాంబు చెదిరిపోయి రెండోదాన్ని కూడా చెదరగొట్టే లోపే జరిగిపోవాలి.

దశలు అన్న మాట దగ్గరే వెయ్యి రెట్ల రహస్యం ఉంది. మొదటి దశ రెండోదాన్ని వెలిగిస్తే, రెండోది ఇంకా పెద్దదైన మూడోదాన్ని వెలిగించగలదు. సిద్ధాంతపరంగా దీనికి పైకప్పు లేదు. సంలీనం ఇచ్చిన అసలు లాభం ఈ పైకప్పు లేకపోవడమే, కిలోకు నాలుగైదు రెట్లు అనేది దాని పక్కన చిన్న విషయం.

1952 నవంబరు 1న పసిఫిక్ సముద్రంలోని ఎనివెటాక్ దీవుల్లో అమెరికా దశలున్న మొదటి పరికరం ఐవీ మైక్ పేలింది. 10.4 మెగాటన్నులు. ఎలుగెలాబ్ అనే చిన్న దీవి పూర్తిగా మాయమై, సముద్రం అడుగున దాదాపు రెండు కిలోమీటర్ల వెడల్పున గుంత మిగిలింది. అయితే దాన్ని బాంబు అనడం కష్టం. ఇంధనంగా ద్రవ డ్యుటీరియం వాడారు, దాన్ని అతిశీతల స్థితిలో ఉంచడానికి యంత్రాలన్నీ కలిపి డెబ్బై టన్నులు దాటిన ఒక కట్టడం అది. ఆ 10.4 మెగాటన్నుల్లో 77 శాతం విచ్ఛిత్తి శక్తి! ప్రపంచంలో మొదటి పూర్తిస్థాయి హైడ్రోజన్ బాంబు అని చెప్పుకునేదాంట్లో హైడ్రోజన్ వాటా నాలుగో వంతు కూడా లేదు.

ఇదెలా సాధ్యమంటే, సంలీన ఇంధనం చుట్టూ తొడుగులా సాధారణ యురేనియం ఉంటుంది. సాధారణ యురేనియంలో 99 శాతం పైగా ఉండేది యురేనియం-238, ఇది గొలుసు చర్యను నిలబెట్టలేదు, అందుకే అణుబాంబుకి పనికిరాదు, చవక కూడా. కానీ డ్యుటీరియం-ట్రిటియం సంలీనంలో పుట్టే న్యూట్రాన్ మామూలుది కాదు, 17.6 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల్లో 14 అదే పట్టుకుపోతుంది. అంత వేగంతో వచ్చి తగిలితే యురేనియం-238 కూడా చీలిపోతుంది, దాని గొలుసు చర్య దానికి అక్కర్లేదు, సంలీనమే న్యూట్రాన్లను కుమ్మరిస్తూ ఉంటుంది. కాబట్టి విచ్ఛిత్తి సంలీనాన్ని వెలిగిస్తుంది, సంలీనం మళ్లీ ఇంకా పెద్ద విచ్ఛిత్తిని వెలిగిస్తుంది. "విచ్ఛిత్తి గొప్పా, సంలీనం గొప్పా" అని పోటీ పెట్టడం నాకు అర్థంలేని పనిగా కనిపించేది అందుకే. పెద్ద బాంబుల్లో అవి ప్రత్యర్థులు కావు, ఒకదాని పని ఇంకోటి పూర్తి చేసే భాగస్వాములు.

దీని మూల్యం మాత్రం భయంకరమైనది. సంలీనం వదిలేది హీలియం, న్యూట్రాన్లు. విచ్ఛిత్తి వదిలేది వందల రకాల రేడియోధార్మిక ముక్కలు. 1954 మార్చి 1న బికినీలో పేల్చిన కాసిల్ బ్రావో 6 మెగాటన్నులు ఇస్తుందని శాస్త్రవేత్తలు అంచనా వేశారు, ఇచ్చింది 15. లిథియంలో రెండు రకాలుంటాయి, అందులో లిథియం-7 చర్యలో పెద్దగా పాల్గొనదులే అనుకున్నారు, కానీ వేగవంతమైన న్యూట్రాన్లు తగిలి అది కూడా ట్రిటియం ఇచ్చింది, దాంతో లెక్క రెండున్నర రెట్లు తప్పింది. పగడపు దిబ్బల పొడి రేడియోధార్మిక బూడిదగా రొంగెలాప్ దీవి ప్రజల మీద కురిసింది. దూరంగా చేపలు పడుతున్న జపాన్ పడవ దైగో ఫుకుర్యు మారు మీదా కురిసింది, అందులోని 23 మందీ జబ్బుపడ్డారు, రేడియో ఆపరేటర్ ఐకిచి కుబొయామా ఆ సెప్టెంబరులో చనిపోయాడు.

దీనికి పూర్తి విరుద్ధంగా ఉండేది చరిత్రలోకెల్లా పెద్ద అణు పేలుడు. 1961 అక్టోబరు 30న సోవియట్ యూనియన్ ఆర్కిటిక్‌లోని నొవాయా జెమ్ల్యా దీవుల మీద పేల్చిన ఆ బాంబును తర్వాత జార్ బాంబా అన్నారు, 27 టన్నుల బరువు, 50 మెగాటన్నుల శక్తి. అసలు డిజైన్ 100 మెగాటన్నులకి. యురేనియం తొడుగు ఉండాల్సిన చోట సీసం పెట్టి సగానికి తగ్గించారు, లేకపోతే రాలే రేడియోధార్మిక ధూళి మోతాదు మించిపోయేది, విమానం సిబ్బంది బతికి బయటపడే ఆశ కూడా ఉండేది కాదు. అలా చేయడం వల్ల ఆ 50 మెగాటన్నుల్లో సుమారు 97 శాతం సంలీనం నుంచే వచ్చింది. శక్తికి తగిన పాళ్లలో చూస్తే అది అత్యంత "శుభ్రమైన" బాంబుల్లో ఒకటి. ఇలాంటి వాటికి శుభ్రం అనే మాట వాడాల్సిరావడం ఎంత వికృతమో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నష్టం సంగతి, ఎందుకంటే శక్తి వెయ్యి రెట్లయితే విధ్వంసం వెయ్యి రెట్లవుతుందని అనుకోవడం ఇంకో సాధారణ పొరపాటు. పేలుడు శక్తి ఒక గోళంలా అన్ని దిక్కులకీ పరుచుకుంటుంది, పైకి వెళ్లినదంతా వృథా, కాబట్టి ధ్వంసమయ్యే దూరం శక్తికి ఘనమూలంలా పెరుగుతుంది. శక్తి వెయ్యి రెట్లయితే దూరం పది రెట్లే. 15 కిలోటన్నులకి మామూలు ఇళ్లు కూలిపోయేంత పీడనం సుమారు 1.7 కిలోమీటర్ల దాకా ఉంటే, 15 మెగాటన్నులకి అది 17 కిలోమీటర్లు. విస్తీర్ణంలో చూస్తే వంద రెట్లు. జార్ బాంబాది హిరోషిమాకి మూడు వేల రెట్లకు పైగా శక్తి, పేలుడు అల దూరం మాత్రం పదిహేను రెట్లే. వేడి మాత్రం ఈ లెక్కకు లొంగదు, ఆకాశం తేటగా ఉంటే అది దాదాపు వర్గమూలం లెక్కన పెరుగుతుంది, అందుకే మెగాటన్ను బాంబుల్లో పేలుడు అల ఇళ్లు కూల్చలేనంత దూరంలో కూడా ఒళ్లు కాలిపోతుంది, మంటలు అంటుకుంటాయి. పేలిన క్షణంలో వచ్చే గామా కిరణాలు, న్యూట్రాన్లు ఇందుకు వ్యతిరేకం, గాలి వాటిని త్వరగా పీల్చేస్తుంది. చిన్న బాంబులో అవి పెద్ద హంతకులు, పెద్ద బాంబులో అవి చేరేంత దగ్గరున్నవాళ్లు వేడికో పేలుడుకో ముందే చనిపోతారు.

నేల తీరు కూడా లెక్కలోకి వస్తుంది. నాగసాకి బాంబు హిరోషిమాదానికంటే బలమైనదే. అయినా 1945 చివరికి హిరోషిమాలో సుమారు 1,40,000 మంది చనిపోయారని అంచనా వేస్తే, నాగసాకిలో ఆ సంఖ్య 74,000 దగ్గర ఉంది. హిరోషిమా చదునైన ఊరు, నాగసాకిలో బాంబు ఉరాకమి లోయ మీద పేలింది, కొండలు కొన్ని పేటలను కాపాడాయి.

ఈ ఘనమూలం లెక్క సైన్యాలకి బాగా తెలుసు. ఒక మెగాటన్ను బాంబు ఒకటి వేసేకంటే వంద కిలోటన్నుల బాంబులు పది వేస్తే మొత్తం శక్తి అంతే, ధ్వంసమయ్యే విస్తీర్ణం మాత్రం రెండింతలు దాటుతుంది. క్షిపణుల గురి మెరుగుపడ్డాక పెద్ద బాంబుల అవసరం ఇంకా తగ్గింది. అమెరికా తన 9 మెగాటన్నుల బి53 బాంబుల్లో ఆఖరిదాన్ని 2011లో విప్పేసింది, ఇప్పుడు దాని దగ్గరున్న వాటిలో పెద్దది 1.2 మెగాటన్నుల బి83. జలాంతర్గాముల మీద ఉండే డబ్ల్యు76-1 సుమారు 90 కిలోటన్నులది, డబ్ల్యు88 సుమారు 475 కిలోటన్నులది. అంటే నేటి హైడ్రోజన్ బాంబుల్లో చాలావరకు 1952 నాటి ఆ ఐవీ కింగ్ అణుబాంబు కంటే చిన్నవే! మరి సంలీనం ఎందుకు? బరువు కోసం. హిరోషిమా బాంబు 4 టన్నులు దాటి బరువుండి 15 కిలోటన్నులు ఇచ్చింది. డబ్ల్యు88 దానికి ముప్పై రెట్ల శక్తిని అందులో పదో వంతు కూడా లేని బరువులో ఇస్తుంది, అందుకే ఒకే క్షిపణి మీద అలాంటివి చాలా పేర్చగలుగుతున్నారు. నా దృష్టిలో హైడ్రోజన్ బాంబు ప్రపంచాన్ని భయపెట్టాల్సింది జార్ బాంబా సైజు వల్ల కాదు, ఈ చిన్నతనం వల్ల.

చివరగా, అణుబాంబు హైడ్రోజన్ బాంబు అనే విభజన కూడా అంత గట్టిదేమీ కాదు. విచ్ఛిత్తి బాంబు నడిమధ్యలో కొన్ని గ్రాముల డ్యుటీరియం-ట్రిటియం వాయువు ఉంచితే, దాని సంలీనం ఇచ్చే శక్తి నామమాత్రమే అయినా, న్యూట్రాన్లు ఒక్కసారిగా వెల్లువెత్తి ఇందాక చెప్పుకున్న వృథాను తగ్గించేస్తాయి. దీన్ని బూస్టింగ్ అంటారు. ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్లే కాబట్టి దాన్ని ఎప్పటికప్పుడు నింపుకోవాలి, ఆయుధాలు దాచుకున్న దేశాలకి అదో తలనొప్పి. 1953 ఆగస్టులో సోవియట్ యూనియన్ 400 కిలోటన్నుల బాంబు పేల్చి హైడ్రోజన్ బాంబు అంది. అందులో సంలీనం వాటా అయిదో వంతు కూడా మించదు, దశలు లేవు, అమెరికన్లు దాన్ని అసలైనదిగా ఒప్పుకోలేదు. దశలున్న 1.6 మెగాటన్నుల బాంబును సోవియట్లు 1955 నవంబరులో పేల్చారు.

ఆ తగవు ఈనాటికీ నడుస్తూనే ఉంది. 1998 మే 11న పోఖ్రాన్‌లో పేల్చిన వాటిలో ఒకటి హైడ్రోజన్ బాంబు అనీ, దాని శక్తి సుమారు 45 కిలోటన్నులనీ భారత్ ప్రకటించింది. ఆ పరీక్షల్లో పాల్గొన్న కె. సంతానం 2009లో అది అనుకున్నంత శక్తి ఇవ్వలేదని బహిరంగంగా అన్నారు, అణుశక్తి శాఖ వాళ్లు కాదన్నారు. ఉత్తర కొరియా 2017 సెప్టెంబరు 3న తాను పేల్చింది హైడ్రోజన్ బాంబేనంది. భూకంప యంత్రాలు 6.3 తీవ్రత చూపించాయి, శక్తి వంద కిలోటన్నులు దాటిందని చాలామంది నిపుణులు లెక్కగట్టారు. కానీ వంద, రెండొందల కిలోటన్నులు బూస్టింగ్ చేసిన విచ్ఛిత్తి బాంబుతో కూడా సాధ్యమే. భూమి ఎంత కదిలిందో కొలిస్తే ఎంత శక్తి వచ్చిందో తెలుస్తుంది, అది ఏ కేంద్రకం నుంచి వచ్చిందో ఆ కదలిక చెప్పదు, దానికి బయటికి లీకైన వాయువులో ధూళో దొరకాలి, భూగర్భంలో గట్టిగా మూసి పేలిస్తే అవీ చాలాసార్లు దొరకవు.